ఆరుబయట ఆరాధన... ఆమెకూ చోటుందా?

తెల్లవారుజాము నాలుగు గంటలు. ఊరి చివర సమాధుల తోటలో వందల కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. ముందురోజే సున్నం వేసి, బంతిపూలు చుట్టిన సమాధుల మధ్య చాపలు పరిచారు. నిద్రమత్తులో ఉన్న పిల్లల్ని భుజాన వేసుకుని, కొంగు తలమీదికి లాక్కుంటూ ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. తూర్పున కాస్త వెలుగు రేఖ కనిపించిందో లేదో, ఎవరో ఓ అమ్మ పాట అందుకుంది. ఇక అందరి గొంతులూ కలిశాయి. ఈస్టరు పండుగ వచ్చేసింది!

మన పల్లెల్లో చాలాచోట్ల ఏటా కనిపించే దృశ్యమే ఇది. గోడలుండవు, పైకప్పు ఉండదు, బల్లలుండవు. అయినా ఏ లోటూ అనిపించదు. ఆ మాటకొస్తే మొట్టమొదటి ఈస్టరు జరిగిందీ ఆరుబయటే. ఇంకా తెల్లవారకముందే సుగంధ ద్రవ్యాలు పట్టుకుని తోటలోని సమాధి దగ్గరికి వెళ్లింది మగ్దలేనే మరియ, ఆమె తోటి స్త్రీలేనని సువార్తలు చెబుతాయి. అంటే ఆ శుభవార్త మొదట విన్నది ఆడవాళ్లు, ఆరుబయట!

సరే, అదే ఈస్టరునాడు మధ్యాహ్నం పన్నెండింటికి ఓసారి ఆ సంఘం దగ్గరికి వెళ్లి చూడండి. షామియానా కింద ప్రసంగం జోరుగా సాగుతుంటుంది. వెనకాల, ఎండలో, మూడురాళ్ల పొయ్యిల దగ్గర పొగలో కళ్లు తుడుచుకుంటూ ఉన్నది ఎవరు? పొద్దున్న పాట అందుకున్న ఆ అమ్మే! "అయ్యగారు ఈరోజు ఏం చెప్పారక్కా?" అని అడిగితే, "ఎక్కడమ్మా... అన్నం వార్చేసరికి ఆమెన్ అనేశారు" అనే జవాబే చాలాచోట్ల వస్తుంది.

ఆరుబయట ఆరాధన గురించి మాట్లాడుకోవాల్సింది ఇక్కడే. తెలుగునాట క్రైస్తవ స్త్రీకి మొదట చోటు దొరికింది గుడి లోపల కాదు... చెట్టుకింద, కొండమీద, ఏటి ఒడ్డున. మరి ఇవాళ అదే ఆరుబయట ఆమె నిమ్మళంగా కూర్చుని నాలుగు మాటలు వినగలుగుతోందా?

కొండమీద అయిదుగురు

ఒంగోలు పట్టణాన్ని ఆనుకుని ఓ కొండ ఉంది. ప్రేయర్ మీటింగ్ హిల్ అంటే అక్కడ అందరికీ తెలుసు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ కొండ ఎక్కినవారు అయిదుగురే. నెల్లూరులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, తెలుగువారైన క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. లెక్కపెట్టండి. అయిదుగురిలో ముగ్గురు స్త్రీలు!

అప్పటికి ఆ మిషన్ పరిస్థితి ఏమంత బాగాలేదు. ఏళ్ల తరబడి పనిచేసినా సంఘంలో చేరినవాళ్లు తక్కువ. అసలు ఈ పని మూసేద్దామా అని అమెరికాలో చర్చలు కూడా జరిగాయి. అటువంటి రోజుల్లో, కింద ఊరు ఇంకా నిద్రలో ఉండగా, ఆ అయిదుగురూ ఒకరి తర్వాత ఒకరు గొంతెత్తి ప్రార్థించారు. ఒంగోలుకి ఓ మిషనరీని పంపమన్నది వాళ్ల మొర. జాన్ క్లౌ ఒంగోలు వచ్చింది 1866లో. పన్నెండేళ్లు పట్టింది.

అప్పట్లో గుడిలోనైతే ఓ తెలుగు స్త్రీ పదిమంది ఎదుట నిలబడి ప్రార్థన చేయగలిగేదో లేదో! కొండమీద ఎవరు ముందు, ఎవరు వెనక అనే పట్టింపు లేకపోయింది.

ఆ తర్వాతి కథ ఇంకా పెద్దది. 1876-78 మధ్య వచ్చిన కరువులో జనం పిట్టల్లా రాలిపోయారు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం క్లౌ కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి కూలి పని చూపించారు. కరువు తగ్గుముఖం పట్టాక, 1878 జులై 3న ఒంగోలుకి ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడ్డారు. వచ్చినవాళ్లలో అత్యధికులు మాదిగలు. ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని రోజుల్లో, పారే ఏటి నీళ్లలో భార్యాభర్తలు, అత్తాకోడళ్లు, తల్లీబిడ్డలు కలిసి దిగారు. అంతమందికి సరిపోయే గుడి అప్పుడు ఎక్కడుంది? ఏరే గుడి అయింది.

వేపచెట్టు కింద బడి

పుస్తకాల్లో పేర్లు ఎక్కనివాళ్లు కూడా ఎందరో ఉన్నారు. పాతతరం వాళ్లని అడిగితే 'బైబిల్ ఉమెన్' గురించి చెబుతారు. తెల్లచీర కట్టుకుని, చంకలో సంచీ, చేతిలో గొడుగుతో పల్లె పల్లెకూ నడిచివెళ్లిన స్త్రీలు వాళ్లు. పగలంతా పొలంలో ఉండే ఆడవాళ్లకి పొద్దువాలాక వీధి అరుగుమీదో, వేపచెట్టు కిందో కథలు చెప్పేవారు, పాటలు నేర్పేవారు. వాటితోపాటే అ, ఆలు కూడా! బడిమెట్లు ఎక్కని ఎందరో అమ్మలు చదువుకున్నది ఆ చెట్టుకిందే.

దోర్నకల్ సంగతీ చెప్పుకోవాలి. 1912లో అక్కడ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. పంట చేతికొచ్చాక జరిపే కోత పండుగను ఆయన ఎంతో ప్రోత్సహించారు. ధాన్యం, కూరగాయలు, గుమ్మడికాయలు, కోళ్లు, మేకపిల్లలు... ఎవరికి ఏది పండితే, ఎవరి దగ్గర ఏది ఉంటే అది తెచ్చి ఇచ్చేవారు. అక్కడితో ఆగలేదు. పొయ్యిమీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఓ పిడికెడు బియ్యం తీసి పక్కన కుండలో వేసే అలవాటు మన సంఘాల్లో ఆడవాళ్లదే. పిడికెడు పిడికెడుగా చేరిన ఆ బియ్యమే పల్లెల్లో ఎన్నో సంఘాలకి ఆధారమైంది. చేతిలో రూపాయి ఆడని ఇల్లాలు కూడా ఇవ్వగలిగిన కానుక అది!

ఇక గుణదల సంగతి తెలియనిదెవరికి? విజయవాడలో ఆ కొండమీద 1924లో ఫాదర్ ఆర్లాటి మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే ఉత్సవాలకి కొండంతా జనమే. తలనీలాలు ఇచ్చేవాళ్లు, కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, చంటిపిల్లల్ని ఎత్తుకుని మెట్లెక్కే తల్లులు. క్రైస్తవులే కాదు, అన్ని మతాలవాళ్లూ వస్తారు. జనవరి నెలాఖరులో గుంటూరు దగ్గర జరిగే బైబిలు మిషను సభలు, క్రిస్మస్‌నాడు మెదక్ చర్చి ఆవరణ... ఎక్కడ చూసినా ఆడవాళ్లే ఎక్కువ కనబడతారు.

బయటికి వస్తే ఏమిటి లాభం?

"ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ గుడి ఉందిగా, ఇంకా ఆరుబయట ఎందుకు?" అని మీకు అనిపించవచ్చు. కారణాలున్నాయి.

గుమ్మం దాటి లోపలికి రావడానికి జంకేవాళ్లు కొందరుంటారు. చెట్టుకింద కూర్చోవడానికి ఎవరికీ జంకు ఉండదు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని అవ్వ నులకమంచం మీద కూర్చునే పాటలు వింటుంది. చంటిబిడ్డ ఏడిస్తే పదిమందీ వెనక్కి తిరిగి చూస్తారన్న బెంగ తల్లికి ఉండదు. లేచి నాలుగు అడుగులు పక్కకి వేస్తే చాలు. పిల్లలకైతే చెప్పనే అక్కర్లేదు. వేసవి సెలవుల్లో పెట్టే వి.బి.ఎస్. తరగతులు మామిడిచెట్టు కింద జరిగితే వాళ్లని ఇంటికి పిలవడమే కష్టం!

2020లో కరోనా వచ్చినప్పుడు ఈ సంగతి అందరికీ బాగా తెలిసొచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరుకి దేశమంతా లాక్‌డౌన్. గుళ్లకి తాళాలు. ఎవరింట్లో వాళ్లు, డాబామీదో పెరట్లోనో కొవ్వొత్తి వెలిగించుకున్నారు. మూసి ఉన్న గదిలో కంటే గాలి ఆడే చోట ఇలాంటి జబ్బులు అంటుకునే ప్రమాదం తక్కువని డాక్టర్లు చెప్పారు. ఆ తర్వాత ఎన్నో సంఘాలు షామియానాలు వేసి, ఎడంగా కుర్చీలు పరిచి ఆరుబయట కూడుకున్నాయి.

ఇంకో మాట. అపొస్తలుల కార్యముల గ్రంథంలో ఫిలిప్పీ పట్టణం కథ గుర్తుందా? ఊరి బయట నది ఒడ్డున ప్రార్థనకి చేరినవాళ్లంతా స్త్రీలే. ఊదారంగు వస్తువులు అమ్ముకుని బతికే లూదియ అక్కడే పౌలు మాట వింది. ఆ ఊళ్లో సంఘం మొదలైంది ఆ ఒడ్డునే, ఆమె ఇంట్లోనే.

లెక్కలో లేనివాళ్లు

అయిదు రొట్టెలు, రెండు చేపల కథ మనందరికీ తెలుసు. అయిదువేల మంది పురుషులు తిన్నారని మత్తయి సువార్త చెబుతుంది. మరి స్త్రీలు, పిల్లలు? వాళ్లు ఆ లెక్కలో లేరు. వాళ్లు కాక అంతమంది!

ఇవాళ మన సభల్లోనూ ఇదే జరుగుతోంది. మైకు ఎన్ని వాట్లది, వేదిక ఎన్ని అడుగులది, ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ఎంత ఉండాలి... అన్నీ ముందే లెక్కవేస్తారు. ఆడవాళ్లకి మరుగుదొడ్లు ఎన్ని అని మాత్రం ఎవరూ అడగరు.

దాంతో ఏమవుతుంది? పొద్దున ఆరింటికి ఇంట్లోంచి బయల్దేరిన ఇల్లాలు దారిలోనే నిర్ణయించేసుకుంటుంది... "నీళ్లు తాగకూడదు" అని. తాగితే మళ్లీ ఎక్కడికి వెళ్లాలి? మధ్యాహ్నానికి తల తిరుగుతుంది. సాయంత్రానికి మూత్రంలో మంట. నెలసరిలో ఉన్న అమ్మాయి అవస్థ ఇంకా చెప్పనక్కర్లేదు. ఇది భక్తి తక్కువై కాదు, ఏర్పాటు తక్కువై వచ్చిన బాధ. గర్భిణులకీ, వయసు మళ్లినవాళ్లకీ ఇది ప్రాణం మీదికి కూడా రావచ్చు.

జనం తొక్కిసలాట మరో భయం. 2024 జులై 2న ఉత్తరప్రదేశ్‌లోని హత్రాస్‌లో ఓ సత్సంగం ముగిశాక జరిగిన తొక్కిసలాటలో 121 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఏ మతం సభ అయితేనేం? చంకలో బిడ్డ, చేతిలో సంచీ, కాళ్లకి అడ్డంపడే చీర... పరుగెత్తాల్సివస్తే ముందుగా పడిపోయేది ఆమే కదా!

ఇలా చేసి చూడండి

మీ సంఘంలో ఆరుబయట ఆరాధనో, కోత పండుగో, ప్రేమవిందో అనుకుంటున్నారా? అయితే స్త్రీల సమాజం ముందే కూర్చుని ఈ విషయాలు మాట్లాడుకోవాలి.

సమయం: ఎండాకాలమైతే పొద్దున ఎనిమిదిన్నరలోపు ముగించండి. లేదంటే సాయంత్రం అయిదు తర్వాత పెట్టుకోండి. మిట్టమధ్యాహ్నం రేకుల కింద కూర్చోబెట్టడం కంటే ఆ రోజు మానుకోవడమే మేలు. చెట్టు నీడ చూసుకునేటప్పుడు ఆ నీడ పదింటికి ఎటు తిరుగుతుందో ముందురోజే చూసిపెట్టుకోండి.

నీళ్లు: రోజంతా జరిగే సభకి మనిషికి కనీసం రెండు లీటర్లు లెక్కవేసుకోండి. కుండల మీద మూతలు, ముంచడానికి పొడవు కాడ గరిటె ఉండాలి. అందరూ చేతులు ముంచితే పండుగ తర్వాత విరేచనాలు ఖాయం. ఎవరికైనా నీరసమొస్తే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. చెంచా తలకొట్టి కొలవాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బ. నీడకి చేర్చి, తడిబట్టతో తుడుస్తూ వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు.

మరుగు: ఆడవాళ్లకి వేరుగా, మగవాళ్ల వాటికంటే ఎక్కువగా మరుగుదొడ్లు ఉండాలి. నీళ్ల బకెట్టు, లోపలి గడియ, దారిలో దీపం తప్పనిసరి. డబ్బుల్లేవంటారా? పక్కనున్న నాలుగిళ్లవాళ్లని ముందే అడిగి పెట్టుకోండి. పాలిచ్చే తల్లుల కోసం నాలుగు కర్రలు పాతి చీర చుట్టినా ఓ గది తయారైపోతుంది. దానికి పైసా ఖర్చు లేదు.

వంట: ప్రేమవిందు అంటే పది కూరలు ఉండక్కర్లేదు. అన్నం, పప్పుచారు, ఓ కూర, మజ్జిగ... చాలు. వందమందికి పన్నెండు కిలోల బియ్యం సరిపోతుంది. ఎండలకి వండినవి రెండు గంటల్లో వడ్డించేయండి. అసలైన మాట ఏమిటంటే, వంటకి వంతులు వేయండి. పాటలప్పుడు పొయ్యి దగ్గర ఉన్నవాళ్లు ప్రసంగానికి పందిట్లో ఉండాలి. ఆ వంతుల్లో మగవాళ్లూ ఉండాలి. పెళ్లిళ్లలో గుండిగలు దించేది, వందలమందికి వండేది మగ వంటవాళ్లేగా! గుడి దగ్గర మాత్రం గరిటె పట్టుకోకూడదా?

దారి: లోపలికీ బయటికీ కనీసం రెండు వెడల్పాటి దారులు వదలండి. వాటికి అడ్డంగా చెప్పులు, బండ్లు, జనరేటరు పెట్టకండి. సభ అవగానే అందరినీ ఒకేసారి లేపకుండా వరసలవారీగా పంపండి. చంటిపిల్లల తల్లులు, ముసలివాళ్లు ముందు వెళ్లాలి. పిల్లల జేబులో అమ్మానాన్నల ఫోన్ నెంబరు రాసిన కాగితం పెట్టండి.

మైకు: రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. మిగతా వేళల్లోనూ అనుమతి తీసుకోవాలి. ఈస్టరు తెల్లవారుజామున మైకు లేకపోతే ఏం? వందమంది గొంతు కలిపితే ఊరంతా వినిపిస్తుంది. పక్కింట్లో పరీక్షలకి చదివే పిల్ల ఉంటుంది, మంచాన పడ్డ పెద్దాయన ఉంటాడు. రెండురోజుల ముందే వెళ్లి, "మా పండుగండీ, మీరూ రండి, ఇబ్బందైతే చెప్పండి" అంటే సగం గొడవలు రావు. వచ్చిన ఇరుగుపొరుగుని ఇరుగుపొరుగుగానే చూడండి. విందులో ఓ విస్తరి వేయండి, అంతే చాలు.

చివరగా శుభ్రం. ఆ అయిదువేలమంది కథలోనే, తిన్నాక మిగిలిన ముక్కలు పన్నెండు గంపలకి ఎత్తారని ఉంది. ఎత్తినవాళ్లు శిష్యులు... మగవాళ్లే! విస్తరాకులు, స్టీలు పళ్లేలు వాడితే ప్లాస్టిక్ చెత్త ఉండదు. చెట్టు నీడ ఇచ్చింది కదా, దాని మొదట్లో చెత్త వదిలిరావడం న్యాయమా?

ఎవరు అడగాలి?

"ఇవన్నీ బానే ఉన్నాయి, మా మాట ఎవరు వింటారు?" అంటారా? నిజమే. చాలా సంఘాల్లో కమిటీ అంటే పెద్దమనుషులైన మగవాళ్లే. ఆడవాళ్ల పని కానుకలు ఎత్తడం, పూలు కట్టడం, వండిపెట్టడం.

కానీ కాలం మారుతోంది. దక్షిణ ఇండియా సంఘంలో మొట్టమొదటి మహిళా బిషప్‌గా 2013లో రెవరెండ్ ఇ. పుష్పలలిత బాధ్యతలు తీసుకున్నది మన నంద్యాలలోనే. అంత పెద్ద పీఠమే ఆమెకి చోటిచ్చినప్పుడు, మీ ఊరి సభల కమిటీలో ఇద్దరు ఆడవాళ్లకి చోటు ఇవ్వలేరా? అడగండి. పాస్టరమ్మగారితో కలిసి నలుగురూ వెళ్లి అడగండి. "అయ్యగారూ, ఈసారి మరుగుదొడ్లకీ నీళ్లకీ డబ్బు తీసిపెట్టాకే ఫ్లెక్సీల సంగతి చూద్దాం" అని మర్యాదగానే చెప్పండి. పిడికెడు బియ్యంతో సంఘాన్ని నిలబెట్టిన చేతులు మీవి. ఖర్చు ఎలా పెట్టాలో చెప్పే హక్కు మీకు లేదని ఎవరంటారు?

వచ్చే ఈస్టరుకి మళ్లీ తెల్లవారుజామున చాపలు పరుస్తారు. కొవ్వొత్తులు వెలుగుతాయి. పాట అందుకునేది మళ్లీ ఆ అమ్మే. మధ్యాహ్నం వాక్యం చెప్పే వేళకి మాత్రం ఆమె పొయ్యి దగ్గర కాకుండా, చెట్టు నీడలో, ముందు వరసలో, చేతిలో మంచినీళ్ల గ్లాసుతో కూర్చుని ఉండాలి. పొయ్యి దగ్గర గరిటె తిప్పుతూ ఆమె కొడుకో, భర్తో ఉంటే... ఆ రోజు నిజంగా పండుగే కదూ!